తాత చెప్పిన రేవుల వరస

నాకు ఎక్కాలకంటే ముందు వచ్చింది రేవుల వరస. మాది ఒడిశాలో బరంపురం, పెద్ద బజారు వెనక సందులో ఇల్లు. రాత్రి కరెంటు పోయిందంటే తాత అరుగు మీద నులక మంచం వాల్పించి, నన్ను పక్కన పడుకోబెట్టుకుని మొదలెట్టేవాడు. పాలూరు, గంజాం, ఆర్జిపల్లి, గోపాల్‌పూర్, మార్కండి, రామయ్యపట్నం, సోనాపురంపేట, డొంకూరు, బారువ, భావనపాడు, కళింగపట్నం. ఉత్తరం నుంచి దక్షిణానికి, ఒడ్డు వెంబడే. తాత ఒకసారి చెప్పాక నేను చెప్పాలి. ఒక్క పేరు జారిందంటే మళ్లీ పాలూరు నుంచే. చాలా రాత్రులు నేను బారువ దాటకుండానే నిద్రపోయేవాణ్ని, పొద్దున్న లేవగానే తాత "ఏరా, కళింగపట్నం చేరావా" అని అడిగేవాడు.

ఆయనకి ఈ పేర్ల పిచ్చి ఎక్కడిదో అప్పుడు తెలీదు. పెద్దయ్యాక తెలిసింది. ఇరవై ఏళ్ల వయసులో, 1926 ప్రాంతంలో, గోపాల్‌పూర్ దగ్గర స్టీమర్ ఎక్కి బర్మాలో రంగూన్ వెళ్లాడు. అక్కడ బియ్యం మిల్లులో మూటలు లెక్కపెట్టే పని. మా గంజాం జిల్లా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి ఇంటికొకడు అన్నట్టు పోయేవారు ఆ రోజుల్లో. పంటలేని ఏడు వస్తే ఊరు ఊరంతా రేవు దగ్గరే ఉండేదని నాయనమ్మ చెప్పేది. రంగూన్‌లో రాత్రి పూట మిల్లు గోడకి ఆనుకుని కూర్చుని, ఇంటి మీద బెంగ కలిగినప్పుడల్లా ఈ పేర్లు వరసగా చెప్పుకునేవాడట. ఒకడు పాలూరు అంటే పక్కవాడు గంజాం అనాలి, ఆ పక్కవాడు ఆర్జిపల్లి. తన ఊరి రేవు వచ్చినప్పుడు ఒక్కొక్కడి గొంతు మారేదట.

1971లో నాకు పదకొండేళ్లు. కార్తీక మాసంలో తాత నన్ను గోపాల్‌పూర్ తీసుకెళ్లాడు. బరంపురం నుంచి పదహారు కిలోమీటర్లే కానీ నాకు అది రంగూన్ అంత దూరం. బస్సు దిగి ఇసకలో నడుస్తుంటే ముందు లైట్‌హౌస్ కనపడింది, తరవాత ఒడ్డున కూలిన గోదాముల గోడలు. ఇటుక బయటపడి, ఉప్పుగాలికి తినేసి, కిటికీలు ఉండాల్సిన చోట ఆకాశం. తాత ఒక గోడ దగ్గర ఆగి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఇక్కడ చీటీలు రాసేవారు రా. ఇక్కడే మా వేలిముద్ర వేయించారు." అంతే అన్నాడు, ఆ తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గోపాల్‌పూర్‌ని రేవు అంటాం గానీ, ఓడ వచ్చి ఒడ్డుకి ఆనే చోటు కాదది. ఇక్కడ సముద్రం నిలువుగా విరుచుకుపడుతుంది. ఓడలన్నీ దూరంగా నీళ్లలోనే లంగరు వేసుకునేవి. మనుషుల్నీ మూటల్నీ పడవల మీద కెరటాలు దాటించి ఓడ దగ్గరికి చేర్చాలి. ఆ పడవ ఎలా ఉంటుందో తాత నాకు మాటల్లో ఎన్నిసార్లు చెప్పాడో, ఆ రోజు కళ్లారా చూశాను.

ఇసక మీద బోర్లించి ఉంది. పక్కన ఒక ముసలి తండేలు, అంటే పడవ పెద్ద, కూర్చుని తాడు పేనుతున్నాడు. వాడబలిజలు, చేపలు పట్టే మన తెలుగువాళ్లే, ఒడియావాళ్లు వాళ్లని నోళియాలంటారు. గోపాల్‌పూర్ నుంచి పూరీ దాకా ఒడ్డున వాళ్ల పల్లెలు చాలా ఉన్నాయి. తాత ఆయన పక్కన చతికిలబడి "ఏమోయ్ తండేలూ, మా మనవడికి నీ పడవ చూపించు" అన్నాడు. ఆయన నన్ను దగ్గరికి పిలిచి నా చెయ్యి పట్టుకుని చెక్కల అతుకు మీద పెట్టాడు. ఎక్కడా మేకు లేదు. పలకకీ పలకకీ అంచులెంట చిల్లులు, ఆ చిల్లుల్లోంచి కొబ్బరి పీచు తాడు అడ్డంగా, ఐమూలగా, మా అమ్మ బొంత కుట్టినట్టు కుట్టేశారు. కుట్టు కింద ఎండుగడ్డి దట్టించారు. వేలితో నొక్కితే గడ్డి మెత్తగా, తడిగా తగిలింది.

"మేకు కొడితే కెరటం దెబ్బకి సెక్క పగిలిపోతాది బాబూ" అన్నాడు తండేలు. "తాడైతే ఒదుగుతాది. సంద్రం కొట్టినప్పుడు పడవ కూడా ఊపిరి పీల్చాల."

నీళ్లు కారవా అని అడిగాను. కారతాయి, ఒకడు తోడుతూనే ఉంటాడు అన్నాడు. మసులా పడవలంటే ఇవే, ఈ తూర్పు ఒడ్డు పొడుగునా ఓడలకీ ఊళ్లకీ మధ్య తిరిగినవి ఇవే. ఎంత పెద్ద ఆవిరి ఓడ వచ్చినా చివరి మైలు మాత్రం ఈ కుట్టు పడవ మీదే గడవాలి. తాత చెప్పేవాడు, ఓడ పక్కకి చేరాక పడవ కెరటంతో పాటు పైకి లేచినప్పుడు నిచ్చెన అందుకుని దూకాలట, ఒక్క క్షణం ఆలస్యమైతే నిచ్చెన రెండు మనుషుల ఎత్తుకి వెళ్లిపోయేదట. ముసలివాళ్లని గోనె మూటల్లా తాడుతో లాగేవారట.

అక్కడే తాత నాకు కోరంగి మాట చెప్పాడు. రంగూన్‌లో మనవాళ్లని తెలుగువాళ్లు అనేవారు కాదు, కోరంగీలు అనేవారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఎప్పుడో ఓడలెక్కి వెళ్లిన మొదటి మనుషుల పేరు తరవాత వెళ్లిన అందరికీ అంటుకుంది. ఆ కోరంగేమో 1839 నవంబర్ తుపానుకి నాశనమైపోయింది. మా తాత ఆ ఊరు కంటితో చూసి ఎరగడు, గోపాల్‌పూర్‌లో ఓడెక్కిన మనిషి, అయినా రంగూన్‌లో పదహారేళ్లు కోరంగీగా బతికాడు. మలయా దేశంలో అయితే ఇంకా పాత పేరు, క్లింగ్ అనేవారు. కళింగం అన్న మాటే అది. ఇప్పుడక్కడ ఆ మాట తిట్టు కింద మారిపోయింది, వింటే బాధేస్తుంది. ఒక దేశం పేరు, ఓడల్లో వెళ్లిన పేరు, అలా అయిపోకూడదు కదా.

1941 డిసెంబర్‌లో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు. ఓడలు దొరకలేదు. తాత, ఇంకొంతమంది ప్రోమ్ దాకా వచ్చి, అక్కడినుంచి తాంగప్ కొండదారిన నడిచి, అక్యాబ్ చేరి, చిట్టగాంగ్ మీదుగా ఇల్లు చేరారు. కొండల్లో కలరా. బయల్దేరిన పదకొండు మందిలో బరంపురం స్టేషన్లో దిగింది ఆరుగురు. దీని గురించి తాత ఎక్కువ చెప్పేవాడు కాదు. ఒకసారి మాత్రం అన్నాడు, నడుస్తూ కూడా రేవుల వరసే చెప్పుకున్నామని, ఒక్కొక్కడు తగ్గినప్పుడు వాడి రేవు పేరు మిగతావాళ్లు చెప్పేవాళ్లని. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. తరవాతి సంగతికి వెళ్తాను.

మన భాషలో రేవు అన్న మాట ఎంత చిన్నది, ఎంత పెద్దది. బట్టలుతికేదీ రేవే, ఓడ ఆగేదీ రేవే. పట్నం అన్న మాటకీ రేవు ఊరు అనే అర్థం ఉంది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, ఇవన్నీ ఓడలొచ్చిన ఊళ్లు. మా వైపు రామయ్యపట్నం ఉంది, ఒడిశాలో చికిటి దగ్గర, ఇప్పుడు బోర్డుల మీద రామయపట్న అని రాస్తారు. చిన్న పల్లె. చూస్తే పట్నం అని ఎందుకన్నారో తెలీదు. కానీ పేరులో పట్నం ఉందంటే ఎప్పుడో ఏదో ఓడ లంగరు వేసే ఉంటుందని తాత పందెం కాసేవాడు. నేనూ కాస్తాను. కొన్ని పేర్లయితే మనుషులతో పాటే ప్రయాణం చేశాయి. పూరీలో మనవాళ్ల చేపల పేట పేరు పెంటకోట. అదే పేరుతో అటు పాయకరావుపేట దగ్గర సముద్రం ఒడ్డున ఇంకో ఊరుంది. వలలతో పాటు ఊరి పేరునీ భుజాన వేసుకుని వెళ్లారని పూరీలో ఒక తెలుగు ముసలమ్మ నాతో అంది. వినగానే నమ్మేశాను.

దారుల సంగతి నాయనమ్మ వాటా. ఆవిడది టెక్కలి. వాళ్ల అమ్మమ్మ పూరీ జగన్నాథుడి దర్శనానికి నడిచి వెళ్లిందట, రైలు రాకముందు. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపురం, గంజాం, రంభ. సత్రం నుంచి సత్రానికి. రంభ దగ్గర ఆ దారి చూడాలి. ఇటు కొండ, అటు చిలకా సరస్సు, మధ్య ఇరుకు. ఇప్పుడు హైవే, రైలు రెండూ ఆ ఇరుకులోంచే దూరి పోతాయి. ఒడ్డు వెంట రాకపోకలు సాగించాలంటే మరో మంచి దారి లేదు. సైన్యాలైనా, యాత్రికులైనా, ఉప్పు బళ్లైనా. నేను రైల్లో కిటికీ పక్క సీటు దొరికిన ప్రతిసారీ అక్కడ పుస్తకం మూసేస్తాను.

డొంక అన్న మాట తెలుసు కదా. రెండు పక్కలా గట్లు, కంచెలు, మధ్యలో బండి చక్రాలు తొలిచి తొలిచి లోతైపోయిన మట్టిదారి. మా వరసలో డొంకూరు ఉంది, ఇచ్ఛాపురం దగ్గర, బాహుదా నది మొగకి దిగువన. ఆ ఊరికి ఆ పేరు డొంక వల్లే వచ్చిందని తాత వాదన. నేను ఇంటర్ చదివేటప్పుడు ఇచ్ఛాపురంలో మా మేనమామ ఇంటి నుంచి ఒకసారి సైకిల్ మీద వెళ్లాను. జీడితోటలు, మొగలి పొదలు, ఇసక. ఒక చోట దారి నా భుజం ఎత్తు దాకా దిగిపోయింది. గట్టు మీద వేర్లు వేలాడుతున్నాయి. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లాను. ఎన్ని బళ్లు తిరిగితే నేల అంత అరుగుతుంది? సముద్రం దాకా బండి ఊరికే ఎందుకు వెళ్తుంది? ఉప్పు, ఎండుచేప, కొబ్బరి, బియ్యం. అవతల పక్క సోనాపురంపేటలో పూర్వం ఓడలు ఆగేవి, అటు సరుకు మోసిన దారే ఇది కూడా అని నాకనిపించింది. ఈ తోటల సీమని ఉద్దానం అంటారు, ఆ పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందని చెప్తారు, ఆ తోటల్లో నీడన నడుస్తుంటే వేరే రుజువు అడగబుద్ధి కాదు. (అడిగితే తాత ఊరుకునేవాడు కూడా కాదు.)

అమ్మమ్మగారిది పర్లాకిమిడి. అక్కడికి నౌపడ నుంచి చిన్న రైలు, 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరో గేజి. నౌపడలో ఉప్పు మళ్లు తెల్లగా మెరిసేవి. నౌ అంటే సంస్కృతంలో నావ కదా, పడ అంటే ఒడియాలో వాడ, అది నావలవాడ అని తాత. దిగి ఇటు నడిస్తే భావనపాడు.

తాత 1984లో పోయాడు. వరస నాతో ఉండిపోయింది. కానీ వరసలో మొదటి పేరు పాలూరు మాత్రం నేను అప్పటిదాకా చూడలేదు. 1993లో ఉద్యోగం పని మీద రంభ వెళ్లినప్పుడు ఒక ఆదివారం మిగిలింది, పడవ మాట్లాడుకుని వెళ్లాను. చిలకా దక్షిణం చివర, సరస్సుకీ సముద్రానికీ మధ్య ఒక కొండ, దాని కింద పల్లె. చిలకాకీ రుషికుల్య నదికీ మధ్య ఉప్పు రవాణా కోసం తవ్విన పాలూరు కాలువ కూడా అక్కడే. కొండెక్కితే ఒక పక్క సరస్సు, పచ్చగా, కదలకుండా. ఇంకో పక్క సముద్రం. రెండు నీళ్లూ ఒకేసారి కనపడే చోట నిలబడి నేను గట్టిగా "పాలూరు" అన్నాను. ఎవరూ లేరు. తాతకి వినపడాలని అన్నాను.

ఆ ఊరి సంగతి తరవాత చదువుకుని తెలుసుకున్నాను. రెండో శతాబ్దంలో టోలమీ అనే గ్రీకు పండితుడు లోకం మొత్తానికీ ఊళ్ల పట్టిక ఒకటి రాశాడు. అందులో మన ఒడ్డున పలూరా అనే ఊరుంది. దానికి దగ్గర్లోనే ఓడలు ఒడ్డు వదిలి సువర్ణభూమి వైపు, అంటే బర్మా, మలయా దేశాల వైపు, నడిసంద్రంలోకి తిరిగే చోటు ఉందని రాశాడు. అంటే అప్పటిదాకా ఒడ్డు పట్టుకుని పాకుతూ వచ్చిన ఓడ, ఇక్కడ ధైర్యం తెచ్చుకుని చెయ్యి వదిలేది. ఆ పలూరా ఈ పాలూరే అని చాలామంది పండితులు అన్నారు. సిల్వాఁ లెవీ అనే ఫ్రెంచి పండితుడు ఇంకో అడుగు వేశాడు. దక్షిణాది భాషల్లో పల్ అంటే పన్ను, ఊరు అంటే ఊరు. పల్లూరు అంటే దంతపురం, బౌద్ధ కథల్లో బుద్ధుడి దంతం ఉన్న కళింగ రాజధాని అదే అయుండాలి అని ఆయన వాదన. శ్రీకాకుళం జిల్లాలో సరుబుజ్జిలి దగ్గర దంతవరపుకోట ఉంది, దంతపురం మాదే అని వాళ్లంటారు. ఎవరిది నిజమైనా నా ఒళ్లు జలదరించింది వేరే దానికి. పన్ను, ఊరు. ఇందులో అర్థం చెప్పడానికి నాకు పండితుడు అక్కర్లేదు. మా నాయనమ్మ "పల్లు ఊడింది రా" అంటుంది, "ఊరెళ్లాలి" అంటుంది. పారిస్‌లో కూర్చున్న మనిషి వెతికి పట్టుకున్న మాటలు మా వంటింట్లో ఉన్నాయి.

ఇంకో పేరు గురించి చెప్పాలి, అది వరసలో లేదు. రుషికుల్య ఒడ్డున జౌగడ అనే చోటు ఉంది, బరంపురం నుంచి బస్సులో వెళ్లొచ్చు. ఒడియాలో జౌ అంటే లక్క, పూర్వం లక్కతో కట్టిన కోట అని కథ. అక్కడ బండ మీద అశోకుడు శాసనాలు చెక్కించాడు, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో. కళింగం కోసం ప్రత్యేకంగా వేయించిన రెండు శాసనాలు భువనేశ్వర్ దగ్గర ధౌళిలోనూ ఇక్కడా దగ్గర దగ్గరగా ఒకే మాటలతో ఉన్నాయి. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట అందులోదే. ధౌళిలో అది తోసలి అధికారులకి రాసింది, జౌగడలో సమాప అనే ఊరి అధికారులకి. సమాప. ఆ రోజుల్లో అధికారులుండే పెద్ద ఊరది. ఇవాళ జౌగడ చుట్టుపక్కల నేను అడిగిన ఎవరి నోటా ఆ పేరు లేదు. చెరువు దగ్గర గేదెలు కాసే ఒకాయన్ని అడిగాను, హోటల్లో అడిగాను. చక్రవర్తి రాతి మీద చెక్కించిన పేరు పోయింది. ఎవరూ చెక్కని పాలూరు ఇంకా బస్సు కండక్టరు నోట్లో ఉంది. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదు.

కళ్లకి కనపడే గుర్తులు కూడా చెప్పుకోవాలి. మా ఒడ్డున మహేంద్రగిరి ఉంది, 1501 మీటర్లు. మబ్బులేని రోజు బారువ ఒడ్డు నుంచి చూస్తే వెనక నీలంగా లేచి ఉంటుంది. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. పేరే చెప్తోంది కదా, మహేంద్రుడి కూతురు. కొండ మీద రాజేంద్ర చోళుడి విజయస్తంభం ఉంది, పులి బొమ్మ, రెండు చేపలు. తమిళ దేశం నుంచి వచ్చిన రాజు కూడా తన గుర్తు ఈ కొండ మీదే పెట్టాలనుకున్నాడంటే దీని ఎత్తు అలాంటిది. బారువలో చేపల వేటకి వెళ్లే కుర్రాళ్ళు ఇప్పుడు ఫోన్లో జీపీఎస్ చూసుకుంటారు, కానీ వాళ్ల నాన్నలు కొండ ఏ చెట్టు మీదికి వచ్చిందో చూసి పడవ తిప్పేవారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మా గంజాం రెండు ముక్కలైంది. బరంపురం అటు, ఇచ్ఛాపురం ఇటు. గిరిసోలా చెక్‌పోస్టు దాటితే రాష్ట్రం మారుతుంది, చిల్లర కొట్లో మాట మారదు. వరసలో మొదటి ఏడూ ఒడిశాలో, తరవాతి నాలుగూ ఆంధ్రాలో పడ్డాయి. తాత గీత ఎక్కడుందో ఎప్పుడూ చెప్పలేదు. సోనాపురంపేట తరవాత డొంకూరు, అంతే, ఊపిరి కూడా తీసుకోకుండా.

గంజాం ఊరైతే పాపం. జిల్లాకే పేరిచ్చిన ఊరు, రుషికుల్య మొగ దగ్గర, పొటగఢ్ కోట, తెల్లదొరల బంగళాలు. 1815లో అంటుజ్వరం వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు, కచేరీలు లేచిపోయాయి. తరవాత రేవు వైభవం గోపాల్‌పూర్‌కి పోయింది. గోపాల్‌పూర్‌ని పాత కాగితాల్లో మన్సూర్‌కోట అంటారు. రైలు వచ్చాక, బర్మా ఓడలు ఆగాక, ఆ వైభవమూ పోయింది. ఇప్పుడు ఆర్జిపల్లి వైపు కొత్త పోర్టు కట్టారు, పెద్ద పెద్ద క్రేన్లు. ఇటు ఆంధ్రాలో మూలపేటలో ఇంకొకటి కడుతున్నారు. మంచిదే. ఉద్యోగాలొస్తే మా పిల్లలు సూరత్, చెన్నై పోనక్కర్లేదు. బోర్డు మీద పక్కన ఊరి పేరు కూడా పెద్దక్షరాల్లో రాయమని మాత్రం నా కోరిక.

2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మేం బరంపురంలో తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. ఆ గాలి చప్పుడు గాలి చప్పుడులా ఉండదు, ఇంటి మీదుగా రైలు పోతూనే ఉన్నట్టు ఉంటుంది. టెన్షన్‌తో ఎవరికీ మాట పెగల్లేదు. చీకట్లో నేను తెలీకుండానే పాలూరు, గంజాం, ఆర్జిపల్లి అని మొదలెట్టాను. మా ఆవిడ "ఏంటండీ, విష్ణుసహస్రనామమా" అంది. ముందుగా జనాన్ని లక్షల్లో ఖాళీ చేయించబట్టి బతికిపోయాం. తెల్లారాక చూస్తే మా వీధిలో ఒక్క చెట్టూ లేదు. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరిని పడుకోబెట్టింది.

తుపాను ఒక్క రాత్రిలో పోతుంది. కోత అలా కాదు. రుషికుల్య మొగ దగ్గర పొదంపేట అని తెలుగువాళ్ల చేపల పల్లె ఉండేది. తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఒడ్డు అదే. ఏటా కొంచెం కొంచెంగా సముద్రం లోపలికొచ్చి వీధుల్ని తినేసింది. గోపాల్‌పూర్‌లో నా చెయ్యి పడవ కుట్టు మీద పెట్టిన తండేలు ఉన్నాడే, ఆయన కూతుర్ని ఇచ్చింది ఆ ఊరికే. ఆవిడ కొడుకు ఇప్పుడు నాకు ఫోన్ చేస్తుంటాడు, పండక్కి ఎండు చేపలు పంపుతాడు, నన్ను మావయ్యా అంటాడు. పోయిన మాఘంలో రమ్మన్నాడు. "పొదంపేట అని చెప్పండి మావయ్యా, ఆటోవాడు తెచ్చేస్తాడు" అన్నాడు. వాళ్లు వెనక్కి జరిగి కట్టుకున్న ఇళ్ల దగ్గర ఆటో ఆగింది.

సాయంత్రం పాత ఊరు చూపిస్తానని ఒడ్డుకి తీసుకెళ్లాడు. సగం గోడ ఒకటి, ఇసకలో మెట్లు నాలుగు, ఇంకేమీ లేదు. ఎదురుగా నీళ్లే. అతను నీళ్ల వైపు చెయ్యి చాపి చెప్పడం మొదలెట్టాడు. అదిగో ఆ నురగ దగ్గర రామమందిరం. దాని పక్కన వలలు ఆరేసే మైదానం. తరవాత మా పెదనాన్న ఇల్లు, తరవాత కిరాణా కొట్టు, బడి, మంచినీళ్ల బావి, గంగమ్మ గుడి, తరవాత మా ఇల్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి చెప్పుకుంటూ పోయాడు.

నేను మళ్లీ చెప్పమన్నాను. ఈసారి నేనూ కూడా చెప్పాను. కిరాణా కొట్టు మర్చిపోయి బడి అన్నాను.

"కాదు మావయ్యా" అని, మళ్లీ రామమందిరం దగ్గర్నుంచి మొదలెట్టాడు.